జరందొర మంచం దిగేలోపు

నేను రాయలసీమలో గళ్ల గౌను తొడుక్కుని, ముఖానికి పిండి పూసుకుని, మంచం మీద ఊరేగానని మా రేపల్లెలో చెప్పుకుంటున్నారు. అది నిజమే. ఆ తర్వాత నన్ను తరిమి తరిమి కొట్టారని చెప్పుకుంటున్నది మాత్రం శుద్ధ అబద్ధం. ఈ కథనం రాయడానికి అది మొదటి కారణం.

రెండో కారణం ఇంతకంటే గౌరవమైనది. స్కాట్లండు నుంచి మన దేశానికి వచ్చి, సైన్యంలో మేజరుగా పనిచేసిన ఒక ప్రభువు జీవితం మీద ఇంగ్లీషులో నాలుగు వందల పేజీల పుస్తకం ఉంది. ఆయన పుంగనూరుకు దక్షిణాన ఏదో పల్లెలో జ్వరంతో పడుకున్న పదకొండు రోజుల గురించి మాత్రం అందులో ఒక్కటే వాక్యం ఉంది. ఆ పదకొండు రోజుల్ని ఒక పల్లె పల్లెంతా ఇప్పటికీ మరిచిపోలేదు. కాకపోతే ఎక్కడా కాగితం మీద పెట్టలేదు. పుస్తకమూ చదివి, పల్లెనూ చూసినవాణ్ణి నాకు తెలిసినంతలో నేనొక్కణ్ణే. కనక రాయక తప్పదు.

నా చదువు అయిదో తరగతి. వృత్తి పుస్తకాలకు అట్టలు కట్టడం. మా శాఖా గ్రంథాలయంలో ఏ పుస్తకం చిరిగినా నా దగ్గరికే వస్తుంది. జిగురు ఆరేలోపు చదివేస్తాను. ఇంగ్లీషు కూడా అలాగే వచ్చింది. నిఘంటువు కుట్టు ఊడిపోయి నా దగ్గర రెండు నెలలు ఉండిపోయింది. ఆ ఆలస్యానికి కారణం జిగురు కాదని గ్రంథపాలకుడికి తెలుసు. పలకడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నేను ఇంగ్లీషు మాట్లాడితే వినేవాళ్లకు ఎలా ఉంటుందో నాకు మొన్నటిదాకా తెలియదు.

దొర పుస్తకం నా చేతికొచ్చేసరికి అట్టా, మొదటి పేజీలూ లేవు. రాసిందెవరో అందుకే చెప్పలేను. దొర పేరు లార్డ్ గ్లెన్‌టారిక్. పేరుకు ప్రభువు, కోటలో నివాసం. వాన పడితే ఆ కోటలో పదమూడు చోట్ల గిన్నెలు పెట్టేవారట. కోట పక్కన వాగు, వాగు మీద వంతెన. ఆ వంతెన నాదంటే నాదని ఆయనా, ఆయన తమ్ముడూ కోర్టుకెక్కారు. వకీలు ఖర్చులకు డబ్బు చాలక దొర సైన్యంలో చేరాడు. మైసూరు యుద్ధాల్లో ఫిరంగులు మోగుతుంటే డేరాలో కూర్చుని భార్యకు కాక వకీలుకు ఉత్తరాలు రాశాడు. వంతెన పటం పెట్టెలో పెట్టుకుని దేశమంతా తిరిగాడు. ఇలాంటి మనిషిని చదివాక ఆయన పడుకున్న చోటు చూడకుండా ఎవరుంటారు? వేసవిలో పని తగ్గగానే సంచి సర్దుకున్నాను.

మదనపల్లె

మే నెలలో మా రేపల్లె నుంచి బయల్దేరి మదనపల్లెలో దిగినవాడికి మొదట వచ్చేది అనుమానం. నెల లెక్క తప్పామేమో అనిపిస్తుంది. పొద్దున్నే గాలి చల్లగా ఉంది. మనుషులు మెడకు తువ్వాలు చుట్టుకున్నారు. బజారులో టమాటాలు గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మా ఊళ్లో శేరు కొనే డబ్బుకు ఇక్కడ బుట్ట ఇస్తామన్నారు. బుట్ట మోసుకుని దొర వెంట ఎక్కడ తిరగను? రెండు పళ్లు కొనుక్కుని అక్కడే తిన్నాను. అమ్మిన ఆమె నన్ను జాలిగా చూసింది.

మధ్యాహ్నం హోటల్లో సంగటి అడిగాను. రాగి ముద్ద ఆకులో పెట్టి, పక్కన ఊరిబిండి వేశారు. ఊరిబిండి అంటే వేయించిన వేరుసెనగ గింజలూ మిరపకాయలూ కలిపి రోట్లో నూరిన పచ్చడి. అన్నం నమిలినట్టు సంగటిని నమలబోయాను. ఎదురుగా కూర్చున్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నమలొద్దప్పా! మింగాల. నమిలితే రేపటిదాకా నములుతానే ఉంటావు."

ఆయన పేరు సుబ్బన్న. అదృష్టం చూడండి, అక్కడి గ్రంథాలయంలోనే పుస్తకాలు ఇచ్చే ఉద్యోగి. భోజనం కాగానే నన్ను గ్రంథాలయానికి తీసుకెళ్లాడు. నేను దొర జీవితం మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. వంతెన దగ్గర రెండుసార్లు నవ్వాడు. పాత గెజెట్లు దించి చూశాం, దొర లేడు. చివరికి నా పుస్తకంలో దొర బొమ్మ చూపించాను. ఎర్ర కోటు, మోకాళ్లదాకా కుచ్చిళ్లు పోసిన గళ్ల గుడ్డ, బక్క కాళ్లు.

సుబ్బన్న బొమ్మను వెలుతురులో పెట్టి చూశాడు. "ఈ దొరనా? ఈయన్ను పుంగనూరులో ఖాదర్ సాయిబు కుడతాడు."

"దొరను కుట్టడమేమిటండీ?"

"నాకేం తెలుసప్పా. ఏడాదికొకసారి కుడతాడు. ఆయన అంగట్లో దండెం మీద సూసినా. పోయి అడుగు."

పుంగనూరు

బస్సులో నా కాళ్ల కింద ఒక మేక కూర్చుంది. దిగేటప్పుడు నా చెప్పు తాడు దాని నోట్లో ఉంది. ఒక చెప్పు చేత్తో పట్టుకుని పుంగనూరు బజారులో నడుస్తుంటే, ఒక ఇంటి ముందు ఎర్ర మట్టి రంగు ఆవుదూడ ముద్దుగా కనిపించింది. నడుమెత్తు కూడా లేదు. నాకున్న పరిజ్ఞానంతో, "దీని తల్లేదమ్మా?" అని ఇంటామెను అడిగాను.

"అదే తల్లి. దూడ ఇంట్లో ఉండాది," అందామె. తర్వాత లోపలికి తిరిగి గట్టిగా, "యాడనుంచో వొచ్చినాడే, మన ఆవును దూడంటాండాడు!" అని కేక వేసింది. నవ్వులు వినిపించాయి. పుంగనూరు ఆవులు పొట్టివని ఎన్ని పుస్తకాల్లో చదివాను! చదివింది ఎదురుగా నిలబడితే గుర్తుపట్టడం వేరే విద్య అని ఒప్పుకుంటున్నాను.

ఖాదర్ సాయిబు దుకాణం సందు మొదట్లోనే ఉంది. దండెం మీద, నా పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే, కుచ్చిళ్ల గళ్ల గుడ్డ వేలాడుతోంది. నా చేతిలో ఉన్న చెప్పు కింద పడింది.

"క్యా సాబ్, చెప్పు కుట్టేది నేను కాదు. పక్క వీధి," అన్నాడు సాయిబు.

నేను పుస్తకం తెరిచి బొమ్మ చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని కుచ్చిళ్లు లెక్కపెట్టాడు. బొమ్మలో కనిపించేవి పద్దెనిమిది. ఆయన కుట్టినవి నలభై.

"వెనక వైపు బొమ్మలో కనబడదు కదా భాయ్. మా తాత లెక్క నలభై, మా నాయన లెక్క నలభై. రెండు లుంగీలు కలిపి కుట్టాలి. ఎవరికని మేమెప్పుడూ అడగలే. కుప్పం ఇవతల పల్లె నుంచి ఏటా గుర్రప్ప అని ఒక పెద్దాయన వస్తాడు, జరందొర గౌను అని తీసుకుపోతాడు. ఈసారి ఇంకా రాలే. ఎల్లుండే వాళ్ల సవారి."

జరందొర! జ్వరం దొర! నేను సాయిబు చెయ్యి పట్టుకుని ఊపేశాను. పదకొండు రోజుల జ్వరం అని పుస్తకం అరచేత్తో కొట్టి చెప్పాను. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ గౌను నేనే మోసుకుపోయి ఇస్తానన్నాను. ఆయన గుడ్డను దినపత్రికలో చుట్టి, దారంతో కట్టి ఇచ్చాడు. ఎవరో తెలియని మనిషికి అంత తేలిగ్గా ఎలా ఇస్తున్నారని నేనే అడిగితే ఆయన జవాబు: "అది వేసుకుని ఎక్కడికి పారిపోతావు సాబ్?"

కుప్పం దారిలో పల్లె

గంగవరం, పలమనేరు దాటాక నేల ఎగుడుదిగుడు. ఎక్కడ చూసినా గుండ్రాళ్ల గుట్టలు. మా వైపు కాలవ గట్టున నిలబడితే చూపు ఆగదు. ఇక్కడ ప్రతి మలుపులోనూ ఒక గుట్ట చూపును ఆపేస్తుంది. నీళ్లన్నీ బావుల్లోనే. బావి ఉన్నచోట టమాటా, మల్బరీ తోటలు, లేనిచోట మేకలు. బస్సులో నా పక్కనాయన కండక్టరుతో తెలుగులో, వెనక సీటు వాళ్లతో కన్నడంలో మాట్లాడుతూ, మధ్యమధ్య అరవంలో విసుక్కున్నాడు. ఏ భాషలో దేనికి అని అడిగితే, "టిక్కెట్టుకు తెలుగు, సుట్టాలకు కన్నడం, కోపానికి అరవం. దేనిది దానికే," అన్నాడు.

పల్లె పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. అక్కడ వేసవిలో పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. చివరి రోజు దుర్యోధనుడు పడతాడు. అందుకోసం ఊరి బయట మైదానంలో మట్టితో ఆయన బొమ్మను పడుకోబెట్టి చేస్తున్నారు, ఒక్క కాలే మా ఇంటి వసారా అంత. ఆ చివరి రోజుకు ముందు రోజు పొద్దున జరందొర సవారి.

గుర్రప్ప డెబ్బై దాటిన మనిషి. చెవుల మీద కూడా వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. గౌను పొట్లం అందుకుని, నేను చూపిన దొర బొమ్మ చూసి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, సవారి సంగతి చెప్పాడు. దొర జ్వరంతో ఈ ఊళ్లో పడుకున్నప్పుడు, ఎండ జరిగిన కొద్దీ ఆయన మంచాన్ని మోసి నీడలోకి మార్చేవాళ్లట. మంచం ఎవరి ఇంటి ముందుకొస్తే వాళ్లు తమ తగాదా చెప్పుకునేవాళ్లు. దొర ఏదో అనేవాడు. దుబాసీకి కూడా జ్వరమే. ఏమన్నాడో ఎవరికీ తెలియదు. అప్పుడు గుర్రప్ప ముత్తాత ముందుకొచ్చి, దొర ఏమన్నాడంటే అని చెప్పేవాడు.

"మీ ముత్తాతకు ఇంగ్లీషు వచ్చా?" అన్నాను ఉత్సాహంగా.

"యాడ సామీ! ఊరి సంగతి వొచ్చు. అది సాలదా?"

అదే ఆచారంగా మిగిలిపోయింది. ఏటా ఒకరికి దొర వేషం వేసి మంచం మీద ఊరంతా మోస్తారు. తగాదా ఉన్నచోట మంచం ఆగుతుంది. దొర అర్థం కాని భాషలో ఏదో అంటాడు. గుర్రప్ప దాన్ని తెలుగులో చెబుతాడు. అది ఆ ఏడాదికి హుకుం. మంచం ముందు కాళ్లు రెండూ తగాదా పడినవాళ్లే మోయాలి, కుడికాలు ఒకరు, ఎడమకాలు ఒకరు. అసలైన నియమం ఇంకొకటుంది. మంచం భుజాల మీద ఉన్నంతసేపే దొర దొర. కాళ్లు నేలకు ఆనాయా, హుకుం లేదు. మళ్లీ ఏడాదే.

"ఈసారి దొర ఎవరు?"

"అదే గదా సామీ దిగులు. దొరకు ఈ ఊళ్లో సుట్టరికం ఉండగూడదు. కన్నడం పక్కనుంచి ఒకాయన వొస్తాండె. ఆయన బిడ్డ కానుపని కబురు పంపినాడు. ఈ సుట్టుపట్ల ఎవుర్ని తెచ్చినా ఎవురికో ఒకరికి మామో బావో." గుర్రప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మీకు ఈడ సుట్టాలు ఉండారా?"

"లేరు."

"పిల్లనిచ్చేది తీసుకునేది ఏమన్నా?"

"లేదండీ."

"రంగు తక్కువే గానీ పిండి ఉండాది లే. కాళ్లు మాత్రం బొమ్మలో దొరవే."

చెంగమ్మ

ఈసారి తగాదా ఒక్కటే. దాన్ని నేను సాయంత్రమే చూశాను.

చెంగమ్మకు నలభై ఏళ్లుంటాయి. భర్త కోలారు గనిలో పని, నెలకొకసారి వస్తాడు. ఆమె ఇంట్లో పట్టుపురుగులు పెంచుతోంది. గది నిండా వెదురు తట్టలు, తట్టల నిండా తెల్లటి పురుగులు. మల్బరీ ఆకు తింటుంటే వచ్చే చప్పుడు నాకు బాగా తెలిసిన చప్పుడే. కొత్త పుస్తకం చివర్లు బొటనవేలితో ఝరఝరా వదిలితే అలాగే ఉంటుంది. పురుగు పెరిగి పెద్దదయ్యేలోపు నాలుగుసార్లు తిండి మానేసి, కదలకుండా పడుకుని, చర్మం విడుస్తుంది. వాళ్లు దాన్ని జ్వరం అంటారు.

"నాలుగో జరం లేసినాయన్నా నిన్న," అంది చెంగమ్మ తట్టల మీద ఆకు చల్లుతూ. "ఇంగ వారం దినాలు తినడమే పని. రోజుకు అయిదు తూర్లు ఆకు తేవాల. వాడిన ఆకు పెడితే తినవు, సచ్చిపోతాయి. పోయిన పంట అట్లనే పాయె."

ఆకు తోట బావి అవతల ఉంది. గట్టు మీదుగా పోతే బీడీ కాల్చినంత సేపు. ఆ గట్టు రెండు పక్కలా ఆమె మరిది మునెప్ప టమాటా తోట. ఆయన గట్టుకు ముళ్లకంప కొట్టాడు. ఇప్పుడు ఆమె గుట్ట చుట్టూ తిరిగి రావాలి. ఎండలో ఇంటికి చేరేసరికి ఆకు పాత కాగితంలా అయిపోతుంది.

"రేపు హుకుం రాకపోతే నా ఆకు తోట పీకేస్తా," అంది. ఏడవలేదు, అరవలేదు. ఆకు చల్లుతూనే ఉంది.

మునెప్పనూ చూశాను. చెడ్డవాడేమీ కాడు. నాకు చెప్పు తాడు కొత్తది వేసి ఇచ్చింది ఆయనే. "బుట్ట సంకన పెట్టుకుని పోతాది సామీ, పక్కనున్న కాయలన్నీ రాలిపోతాండాయి. నేను సెప్పినా, ఇనలే. పురుగులు పెట్టొద్దని గూడా సెప్పినా, అదీ ఇనలే," అన్నాడు. గుర్రప్ప నెల రోజులుగా ఇద్దరి మధ్య తిరిగాడట. మునెప్ప ఒప్పుకోలేదు.

పొద్దున వేషం వేస్తూ గుర్రప్ప నాకు ఒక్కటే చెప్పాడు. "సామీ, మీరు ఏమన్నా అనండి. అర్థం కాగూడదు, అంతే."

నేను తలూపాను. కానీ మనసులో వేరే ఆలోచన ఉంది. దొర నిజమైన జీవితం తెలిసిన మనిషి ఇన్నేళ్లకు ఈ మంచం ఎక్కుతున్నాడు. అలాంటివాడు టస్సుపుస్సుమని దిగిపోతే గ్రంథాలయాలెందుకు?

మంచం మీద

నులక మంచం, ఎర్ర బ్యాండు కోటు, నలభై కుచ్చిళ్ల గౌను, ముఖాన బియ్యప్పిండి, నెత్తిన టోపీ, పైన గొడుగు. ముందు కుడికాలు మునెప్ప, ఎడమకాలు చెంగమ్మ భర్త బదులు పక్కింటి నరసింహులు, వెనక ఇద్దరు ఊరివాళ్లు. ముందు పలకలు, అంటే డప్పులు, మోగుతున్నాయి. మంచం లేవగానే నేను రెండు చేతులా నులక పట్టుకున్నాను. ఇంటింటికీ ఆడవాళ్లు బయటికొచ్చి నా కాళ్ల మీద పసుపు నీళ్లు చల్లారు. దొరకు జ్వరం తగ్గాలని.

"ఈ దొర బో బరువుండాడు గదరా!"

"పోయినేటి దొర నయం. పస్తుండి వొస్తాండె."

"కోస్తా దొరప్పా. వరన్నం దొర."

ముళ్లకంప దగ్గర మంచం ఆగింది. ఊరంతా చుట్టూ మూగింది. గుర్రప్ప చేతులు కట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకుని, చక్కటి తెలుగులో, "సభకు నమస్కారం. లార్డ్ గ్లెన్‌టారిక్ స్కాట్లండు దేశపు ఉత్తర కొండల్లో జన్మించారు," అని మొదలుపెట్టాను.

గుర్రప్ప నా వైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

కోట గురించి చెప్పాను. పదమూడు గిన్నెల గురించి చెప్పాను. ఓడ ప్రయాణంలో ఆయనకు వాంతులైన సంగతి చెప్పాను. అక్కడిదాకా జనం దిక్కులు చూశారు. వంతెన దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా చెవులు నిక్కబొడుచుకున్నారు.

"ఏందీ, దొరలకు గూడా గట్టు తగాదాలు ఉండాయా?"

"అన్నాదమ్ములేనా?"

"ఎన్నేండ్లు నడిసింది కేసు?"

నాకు ఉత్సాహం పొంగింది. మా గ్రంథాలయంలో ఎవరూ ఇంత శ్రద్ధగా విన్నది లేదు. కేసు జీవితకాలమంతా నడిచిందనీ, అన్నదమ్ములిద్దరూ పోయాకే తీర్పు వచ్చిందనీ, అప్పటికి వాగే దారి మార్చుకుని వంతెన పొడినేల మీద మిగిలిపోయిందనీ చెప్పాను. ఇది విని మునెప్ప సిగ్గుపడి కంప తీసేస్తాడని నా అంచనా. చదువుకున్నవాడి అంచనా.

మునెప్ప మంచం కాలు భుజాన పెట్టుకునే తల తిప్పి అడిగాడు. "బతికినన్నాళ్లూ ఆ దొర ఇడిసినాడా?"

"లేదు."

"ఇన్నారా అందరూ? అంత పెద్ద దొర, దేశం గాని దేశం పోయి గూడా ఇడవలే. నేను యాల ఇడవాల?"

జనం గొల్లుమన్నారు. "న్యాయమే గదా!" అన్నారు ఎవరో. నేను అలా కాదని, దాని సారాంశం వేరని వివరించబోయాను. ఆయన దానికీ బదులు చెప్పాడు. నేను ఇంకొకటి చెప్పాను, ఆయన ఇంకొకటి. నా కింద ఉన్న మనిషితో నేను వాదించడం, ఆయన ముందుకు చూస్తూ బదులివ్వడం. ఎండ ముదిరింది. ముఖం మీద పిండి చెమటకు ముద్దలై నోట్లోకి జారింది.

గుర్రప్ప నా గౌను అంచు పట్టి లాగాడు. "సామీ, అర్థమయ్యేటట్టు సెప్పినారు గదా! అర్థమైతే బదులు సెప్తారు. అర్థం కాకుంటే గదా ఇంటారు!"

అప్పుడు తెలిసింది నేను చేసిన పని.

అదే సమయానికి నరసింహులు మూలిగాడు. "గుర్రప్ప తాతా, నా భుజం పోతాండాది. ఇంగ నా వల్ల గాదు." మంచం ఎడమ ముందు మూల కిందికి జారింది. నేను ఆ మూలకు దొర్లాను. జనంలోంచి ఒక్కసారిగా కేక లేచింది. కాలు నేలకు ఆనితే ఏడాది పోయినట్టే. గుంపులో చెంగమ్మ కనిపించింది. కొంగు నడుముకు బిగించింది, వంగింది, నరసింహులును పక్కకు తోసి కాలు కింద భుజం పెట్టింది. మంచం లేచింది.

"ఆడమనిషి మోయొచ్చునా?" ఎవరో అడిగారు.

"ఆ కాలు ఎవురింటిది?" అన్నాడు గుర్రప్ప. "వాళ్లింటిది. ఇప్పుడు వాళ్లింట్లో ఉండేదెవురు? ఆయమ్మ. మోయనీ." తర్వాత నా వైపు తిరిగి పళ్ల సందులోంచి, "సామీ, ఇంగ్లీసు!" అన్నాడు.

పుస్తకంలో దొర వకీలుకు రాసిన ఒక ఉత్తరంలోని వాక్యం నాకు కంఠతా వచ్చు. అట్ట కట్టేటప్పుడు ఆ పేజీ ఎక్కువ రోజులు పైన ఉండిపోయింది. నేను మంచం మీద మోకాళ్ల మీద లేచి, చెయ్యి పైకెత్తి, ఆ వాక్యాన్ని నాకు చేతనైన ఉచ్చారణతో, గుట్ట మారుమోగేలా అరిచాను.

పలకలు ఆగాయి. ముందు వరసలో పిల్లలు తల్లుల వెనక దూరారు. నా ఇంగ్లీషు ఎలా ఉంటుందో ఆ రోజు తెలుసుకున్నాను. భయంకరంగా ఉంటుంది.

గుర్రప్ప దణ్ణం పెట్టి, జనం వైపు తిరిగాడు. "దొర ఏమంటాండాడంటే, గట్టు మీద కంప ఇప్పుడే తియ్యాల. ఆయమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని పోవాల, సంకన గాదు. కాయ రాలితే ఆయమ్మదే తప్పు. పురుగుల పెంటంతా మునెప్ప టమాటాకు ఎరువు. బయట ఎవురికీ ఇయ్యగూడదు."

"ఆ ఒక్క మాటలో ఇంతుందా తాతా?"

"ఇంగ్లీసు అట్లనే ఉంటాది. బిగించి సెప్తారు."

మునెప్ప నోరు తెరిచాడు. బదులు చెప్పడానికి ఏమీ లేదు, దేనికి చెప్పాలో తెలిస్తే కదా. పక్కకు చూశాడు. పక్కన వదిన, మెడ నరాలు తేలి, కళ్లు నేలకేసి, కాలు మోస్తోంది. ఇద్దరి భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆయన ఖాళీ చెయ్యి చాచి కంప కొమ్మ పట్టుకుని లాగాడు. అది ముందుకు రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. కంప వచ్చింది, మంచం ఊగింది, నా టోపీ బావిలో పడింది.

మంచం దించగానే నేను చెంగమ్మకు రెండు మాటలు చెప్పాలనుకున్నాను. ఆమె అప్పటికే గట్టు మీద సగం దూరంలో ఉంది, నెత్తిన ఖాళీ బుట్టతో, పరుగున.

కుప్పం

దుర్యోధనుడు పడిన మర్నాడు మునెప్ప టమాటా బుట్టలతో పాటు నన్నూ ఎడ్లబండి మీద కుప్పం తెచ్చాడు. అక్కడ రైలెక్కాను. కుప్పం బజారులో ఇడ్లీలు మా ఊరి వాటికంటే చిన్నవి, చట్నీ ఎక్కువ వేస్తారు. ఇక చూసినవాటి గురించి రాసింది చాలు. ఇంటికి చేరాక చేయవలసిన మొదటి పని మిగిలింది.

నేను ఏ పుస్తకం కట్టినా చివరి పేజీ విప్పి చూస్తాను. సాయం చేసినవాళ్ల పేర్లు అక్కడుంటాయి. నావి ఇవి. సంగటి మింగడం నేర్పి, దొరను కుట్టే చోటు చెప్పిన మదనపల్లె సుబ్బన్నకు. వెనక వైపు బొమ్మలో కనబడదని గుర్తుచేసిన పుంగనూరు ఖాదర్ సాయిబుకు. భుజం కాయ కాచేదాకా నా ఉపన్యాసం మోసిన నరసింహులుకు. నేను చెడగొట్టినదాన్ని ఒక్క ఊపిరిలో బాగుచేసిన గుర్రప్పకు. బయల్దేరే రోజు పొద్దున నాకు పలకరింపుగా ఒక నవ్వు నవ్వి, చేతిలో నాలుగు మల్బరీ పళ్లు పెట్టి, మళ్లీ తట్టల దగ్గరికి పరుగెత్తిన చెంగమ్మకు. వీళ్లందరికీ నా వందనాలు.

మునెప్పకు వేరే చెప్పాలి. కుప్పం స్టేషన్లో నా సంచిలో బలవంతంగా టమాటాలు కుక్కుతూ, ముళ్లు గీరుకున్న చేతిని చొక్కాకు తుడుచుకుంటూ, "సామీ, ఆ పొద్దు దొర నిజంగా ఏమన్నాడు?" అని అడిగాడు.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చదివినదాన్ని దాచడం అసలే చేతకాదు. గట్టూ, ఆ కంపా, చెంగమ్మ పురుగులూ అన్నీ కళ్లముందు తిరిగాయి. అయినా నోరు తెరిచాను.

ఆయన తన అరచేత్తో నా నోరు మూసేశాడు.

"వొద్దులే సామీ. తెలిస్తే మళ్లా బదులు సెప్పాలనిపిస్తాది."

అందుకే ఆ వాక్యం అర్థమూ, పల్లె పేరూ ఇక్కడ కూడా రాయలేదు.